నోట పలకని పేరు

బ్రేకు పెడల్ నేలకు ఆనింది.

బాలకృష్ణ మళ్లీ తొక్కాడు. అడ్డూ ఆపూ లేకుండా కాలు దిగిపోయింది. జీపు మాత్రం ఆగలేదు. ముందు జిల్లేళ్ల వాగు దిగుడు. అడుగున ఎర్రనీళ్లు సుడులు తిరుగుతున్నాయి. వెనక బెంచీ సీటు మీద నొప్పులతో మెలికలు తిరుగుతున్న సోని, ఆమె తలను ఒడిలో పెట్టుకుని కూర్చున్న అత్త.

"ఏందయ్యా, ఆపు!" అంది ముందు సీట్లో ఉన్న హేమలత.

"పడ్తలేదు."

"ఏం పడ్తలేదు?"

"బ్రేక్ పడ్తలేదే!"

 తమ తండాకు హేమలత ఆశా వర్కరు. కాన్పుకు తీసుకెళ్లే మనిషి ప్రాణం ఆమె చేతిలో ఉన్నట్టే లెక్క. మెల్లగా దిగితే ఈ నీళ్లు జీపుకు ఒక లెక్కా కాదు. అందుకే కదా, ఇంట్లోనే ఆదివారం ఆదివారం కష్టపడి ఇంజను గాలి పైపును బానెట్ మీదుగా పైకప్పు దాకా లేపాడు తన మొగుడు బాలకృష్ణ. కానీ ఈ వేగంతో పడితే గాలి పైపూ కాపాడదు, దేవుడూ కాపాడడు.

"గేరు దించు! గేరు దించు!"

బాలకృష్ణ గేరును రెండుకు లాగాడు. ఇంజను గొంతు చించుకుంది. ఒకటికి కొట్టాడు. బండి ముక్కు కిందికి వంగింది. హ్యాండ్ బ్రేకు కిందటి వానల నుంచే పనిచేయడం లేదు. కొత్త వైరు తెచ్చి గోడకు తగిలించాడు, వేయలేదు. కుడిపక్క గట్టు మట్టి వానకు నాని మెత్తగా కనిపించింది.

"గట్టిగ పట్టుకోండ్రి!" అని స్టీరింగును గట్టు వైపు తిప్పేశాడు.

ముందు చక్రం గట్టెక్కింది. జీపు ఒక పక్కకు ఒరిగి, ఊగి, తుమ్మ పొదను విరుచుకుంటూ మట్టిలో కూరుకుపోయింది. ఇంజను ఆగిపోయింది. నిశ్శబ్దంలో వాన చప్పుడొక్కటే. గొడ్ల మేలు కోరి చేసే శీత్ల పండుగనాడు బానెట్ మీద పూసిన పసుపు చారలు కరిగి పచ్చగా కారుతున్నాయి. బంపరుకు కట్టిన వేపరెమ్మ ఇంకా అలాగే ఉంది.

వెనక సోని నొసలు ఇనుప రాడ్డుకు తగిలి చిట్లింది. నెత్తురు కంట్లోకి దిగుతోంది.

"నా కోడలు సచ్చిపోతది!" అని సోని అత్త గుండెలు బాదుకుంది.

"సావదు. నోర్ముయ్యి అత్తా, నీ పైట ఇటియ్యి" అని హేమలత గాయానికి గుడ్డ అదిమి పట్టింది.

సరిగ్గా అప్పుడే మలుపులో హారన్ మోగింది. ఎర్ర ట్రాక్టర్ ఒకటి బురద చిమ్ముకుంటూ వచ్చి ఆగింది. పామాయిల్ తోటల అనిల్‌కుమార్ ట్రాక్టర్.

"ఎక్కించండ్రి జల్దీ. మా సార్ తోలుమన్నడు" అన్నాడు డ్రైవరు.

సోనిని ఎత్తి ట్రాలీలో పడుకోబెడుతూనే హేమలత మనసులో ఒక ముల్లు దిగింది. జీపు గట్టును గుద్ది ఇంకా ఊపిరి తిరగలేదు. మీ సార్‌కు ఎవరు చెప్పిండ్రు?

*

భద్రాచలం దవాఖానాలో మధ్యాహ్నానికి సోనికి ఆడపిల్ల పుట్టింది. నొసటికి కుట్లు పడ్డాయి. తల్లీబిడ్డా క్షేమమని నర్సు చెప్పాకే హేమలత వరండాలో గోడకు చేరగిలబడింది. మోచేయి అప్పుడు నొప్పి పెట్టడం మొదలైంది.

దెబ్బలతో వచ్చిన కేసు కాబట్టి అవుట్‌పోస్టు కానిస్టేబుల్ వచ్చాడు.

"బండి ఎవరి పేరు మీద ఉంది?"

"మా మామ పేరు మీద."

"మామకు పేరుండదా?"

హేమలత సోని అత్త వైపు చూసింది. సోని అత్తే పైట సర్దుకుని, "హేమ్లా సార్, హేమ్లా" అంది.

కానిస్టేబుల్ నవ్వాడు. "చేతిలో స్మార్ట్ ఫోను, ఒంటి మీద ఆశా వర్కర్ చీర. మామ పేరు చెప్పనీకి సిగ్గా అమ్మా?"

"సిగ్గు కాదు సార్. మా పద్ధతి."

రాయమంటే రాస్తుంది. చేయి ఎప్పుడూ అడ్డు చెప్పలేదు. నాలుకే ఒప్పుకోదు. తండాలో అడుగుపెట్టిన నాటి నుంచి ఆ పేరు ఆమె నోట రాలేదు. అత్త సోమ్లి కూడా తన మామ పేరు పలకకుండానే ముసలిదైంది.

వార్డులోకి వెళితే, సోని బిడ్డను పొదువుకుని మెల్లగా అడిగింది: "అక్కా, మన బండి బ్రేకులు ఎవరో కావాల్నని చెడగొట్టిండ్రంట గదా?"

"ఎవరన్నరు?"

"మా ఆయనకు ఫోనొచ్చింది. తండంత గదే మాటంట."

తండా అనుకునే లోపలే తన మనసు అనుకున్న మాట అది. ఎవరు? ఎందుకు? బిడ్డ పిడికిలి విప్పి మళ్లీ మూసింది. హేమలత దాన్ని చూస్తూ నిలబడింది. జీపు ఇంకో గజం దిగి ఉంటే ఈ పిడికిలి లేదు.

*

మర్నాటి పొద్దున జీపును తాడు కట్టి ఇంటికి లాక్కొచ్చారు. రేకుల కొట్టంలో నిలబెట్టారు. అది ఒకప్పుడు ఎడ్ల కొట్టం. కట్టుగొయ్యలు ఇంకా నేలలోనే ఉన్నాయి. వాసానికి గంటల పట్టీలు, పగ్గాలు, ఎడ్లకు నూనె పట్టే వెదురు గొట్టం వేలాడుతున్నాయి. వాటి పక్కనే బాలకృష్ణ స్పానర్లు, పాత డ్రమ్ములు, బ్రేకు పైపుల చుట్టలు.

బాలకృష్ణ సత్తుపల్లి ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు. ఇల్లంత ఎత్తున్న ఆ బండి కంటే ఈ పాత డీజిల్ జీపంటేనే అతనికి ప్రాణం. సెలవు దొరికితే చాలు, దాని కిందే ఉంటాడు. ఎండాకాలంలో ముందు చక్రాలకు డ్రమ్ములు పీకి డిస్కు బ్రేకులు వేశాడు. తుప్పు పట్టిన బ్రేకాయిల్ డబ్బా తీసేసి, లోపల నూనె ఎంతుందో బయటికి కనిపించే తెల్ల ప్లాస్టిక్ డబ్బా పెట్టాడు. పైపుల్లో గాలి తీసేటప్పుడు పెడల్ దగ్గర కూర్చునేది హేమలతే. "తొక్కు... పట్టు... వదులు" అని అతను కింద నుంచి అంటుంటే, ఆమె కాలు ఆ మాటలకు అలవాటు పడిపోయింది. పెడల్ గట్టిపడితే ముందు తెలిసేది ఆమె పాదానికే.

ఈ రోజు ఆ పాదానికి ఏమీ తెలియలేదు. తొక్కితే దూదిలో దిగినట్టుంది.

"ఆపు" అన్నాడు బాలకృష్ణ. లేచి తెల్ల డబ్బా మూత తిప్పాడు. లోపలికి వంగి చూశాడు.

"ఏమైంది?"

అతను స్క్రూడ్రైవర్ మొనతో లోపలి నుంచి ఒక ముద్ద పైకి తీశాడు. తెలుపూ కాదు, పసుపూ కాదు. పేరిన నెయ్యిలా ఉంది. దాన్ని కొబ్బరి చిప్పలో వేశాడు. డబ్బా కింది మాస్టర్ సిలిండర్ విప్పితే అసలు సంగతి బయటపడింది. లోపలి రబ్బరు వాషర్లు నానబెట్టిన శనగల్లా ఉబ్బి, అంచులు తిరగబడి ఉన్నాయి.

"గ్రీజు" అన్నాడు పళ్లు బిగించి. "ఎవడో డబ్బాల గ్రీజు గిట్ల పెట్టిండు. బ్రేకాయిల్ తప్ప ఏది తగిలినా రబ్బరు ఆగమైతది. తెలిసినోడే చేసిండు. తెల్వనోడు తీగ కోస్తడు, టైరు కోస్తడు. గిది మెకానిక్ పని."

ఆ మాట కొట్టంలో వేలాడింది. ఇద్దరి తలపుల్లోనూ ఒకే మొహం మెదిలింది.

"రవికుమార్" అంది హేమలత. "ఆదివారం నువ్వు వాషర్ కొననీకి పోయినప్పుడు నేను చాయ్ పట్టుకొచ్చిన. బానెట్ లేపి ఉంది. ఒక్కడే ఉన్నడు. నన్ను చూసి చేతులు తుడుచుకున్నడు."

"నువ్వు చూసినవా?"

"నా కళ్లతోని చూసిన."

బయట నులక మంచం మీద తాడు పేనుతున్న హేమ్లా చేతులు ఆగాయి. డెబ్బైకి దగ్గరగా ఉన్న మనిషి, ఎత్తయిన ఎముకలు, చెవులకు వెండి పోగులు. తండా పెద్దమనుషుల్లో ఆయన మాటకు ఎదురు లేదు.

"ఏమన్నవు బిడ్డా?"

హేమలత కొంగు తల మీదికి లాక్కుని మళ్లీ చెప్పింది. ఆయన తాడును పక్కన పెట్టి లేచాడు. వచ్చి జీపు బానెట్ మీద, మొహం మీద చేయి వేసినట్టు, చేయి వేశాడు.

"నోరు లేని దానికి విషం పెట్టిండా" అన్నాడు.

*

రవికుమార్ పిలవకముందే వచ్చాడు. పక్క తండా మనిషి. రోడ్డు మీద చిన్న రేకుల షెడ్డు పెట్టుకుని చుట్టుపక్కల తండాల ట్రాక్టర్లు, మోటారు సైకిళ్లు బాగుచేస్తాడు. జీపుకు డిస్కులు వేసిన రోజున బాలకృష్ణతో పాటు మట్టిలో పొర్లిన వాడే.

"అన్నా, ఏందన్నా గిది? దారి పొంటి అందరూ నన్ను దొంగను చూసినట్టు చూస్తున్నరు."

"నువ్వు డబ్బా మూత తీసినవా లేదా?"

"మూత జోలికే పోలే. చక్రం పట్టేస్తుందంటివి, చక్రం చూసిన. వైరింగ్ కాలిందేమోనని బానెట్ లేపిన. సామాను దొరకలే, తెచ్చినంక వచ్చే వారం విప్పుదామన్న గదా!"

"ఎండాకాలంల అనిల్‌కుమార్ తరఫున గీ బండికి బేరం తెచ్చింది ఎవడు?"

రవికుమార్ మొహం కందిపోయింది. "అడగమంటే అడిగిన. మీరు అమ్మం అన్నరు. ఆడికే అయిపోయింది."

"మేం అమ్మకపోతే బండి పాడైతది. పాడైతే అమ్ముతం. వాగు కాడ ఆయన ట్రాక్టర్ ముందే నిలబడి ఉంటది. మస్తుగుంది లెక్క."

"వదినా, నువ్వన్న చెప్పు! నీ చేత్తో ఎన్ని చాయ్‌లు తాగిన!"

 హేమలత కళ్లముందు ఆ చేతులు తుడుచుకోవడమే ఆడుతోంది. నూనె పని చేసే వాడు చేతులు తుడుచుకోక ఏం చేస్తాడు? అయినా అనుమానం ఒకసారి మొలిచాక ప్రతి కదలికా దానికి నీళ్లు పోస్తుంది.

హేమ్లా మంచం మీద నుంచి అన్నాడు. గొంతు పెంచలేదు. "ఆదివారం అందరం కూసుంటం. తప్పు తేలితే నువ్వు ఈ తండాలకు రావద్దు, మా బంధుత్వమున్న ఏ తండాలకూ రావద్దు. ఎవడూ నీకు బండి ఇయ్యడు. సోని వాళ్లు టేషన్‌ల కాయితం పెడ్తమంటున్నరు, అది వాళ్ల ఇష్టం. కానీ ఒక్క మాట. చెవుల గుసగుసలు పనికిరావు. చూసినోళ్లు అందరి ముంగట పేరు పెట్టి చెప్పాలె. పేరు లేని మాట అక్కడ చెల్లదు."

"నేను ఎట్ల బతకాలె కాకా?"

"సోని ఎట్ల బతికింది, వాగు అంచున?"

 రవికుమార్ మోటారు సైకిల్ స్టార్ట్ చేయబోయి, మానేసి, తోసుకుంటూ వెళ్లిపోయాడు.

*

అనిల్‌కుమార్ తోటలో కూలీల ఇళ్లున్నాయి. టీకాల పని మీద ఎలాగూ వెళ్లాలి. హేమలత పని ముగించుకుని పామాయిల్ గెలలు తూచే కాటా దగ్గరికి నడిచింది. తెల్ల చొక్కా, కాళ్లకు రబ్బరు బూట్లు వేసుకుని అనిల్‌కుమార్ లారీలోకి గెలలు ఎక్కిస్తున్న వాళ్లను తొందరపెడుతున్నాడు.

"సార్, ఆ రోజు మీ ట్రాక్టర్ అక్కడికి ఎట్ల వచ్చింది?"

 అతను ఆమెను తేరిపార చూశాడు.

"థ్యాంక్స్ చెప్పడానికి వచ్చావనుకున్నానమ్మా."

"అది గూడ చెప్త. ముందు గిది చెప్పుండ్రి."

"వానపడిన ప్రతిరోజూ ఆ మలుపులో ట్రాక్టర్ పెడతాను. నా గెలల లారీలు అక్కడే దిగబడతాయి. కావాలంటే ఈ లారీ డ్రైవర్ను అడుగు. మీ జీపు చప్పుడు విని మావాడు ఫోన్ చేస్తే, వెళ్లమన్నాను. అంతేగా?"

"మీరు మా బండిని అడిగిండ్రు."

"అడిగాను. అప్పుడు ఇచ్చుంటే కొనేవాణ్ని. ఈ అడవిలో అంత బాగా చేసుకున్న బండి ఇంకోటి లేదు. అలాంటి దాన్ని పగలగొట్టి కొనుక్కుంటే నాకేం ఒరుగుతుందమ్మా? గట్టును గుద్దిన ఛాసిస్ ఎవడిక్కావాలి?" గెలను కాలితో పక్కకు నెట్టాడు. "ఆ రవికుమార్ని రెండోసారి పంపుదామని చూశాను. రానన్నాడు. 'అది అమ్ముడు బండి కాదు సార్, వాళ్లింట్లో మనిషి' అని నాకే చెప్పి పోయాడు."

తిరిగి వస్తున్నంతసేపూ ఆమె ఆ మాటను కొరికి చూసింది. ఇద్దరూ ఒకటైతే ఇలాగే చెబుతారు. ఒకటి కాకపోతే కూడా ఇలాగే చెబుతారు. చెట్ల నీడలో దారి చీకటిగా ఉంది. వెనక ఎవరో వస్తున్నట్టనిపించి ఆగింది. ఎవరూ లేరు. గెల నుంచి రాలిన ఒక కాయ దొర్లుకుంటూ వచ్చి ఆమె చెప్పుకు ఆనింది.

*

వాన తెరిపిచ్చి ఎండ కాసింది. హేమలత కొట్టంలోకి వెళ్లింది. బాలకృష్ణ కొత్త వాషర్ల కోసం కొత్తగూడెం పోయాడు. ఆదివారం అందరికీ చూపించాలని దాచిన కొబ్బరి చిప్ప గూట్లో ఉంది. రేకుల సందులోంచి ఎండ సరిగ్గా దాని మీదే పడుతోంది.

చిప్పలో ముద్ద లేదు. నూనె ఉంది.

ఎవరైనా మార్చారా?  చుట్టూ చూసింది. చిప్పను నీడలోకి జరిపి, పక్కనే కట్టుగొయ్యకు ఆనుకుని కూర్చుంది. కళ్లు తిప్పలేదు. కాసేపటికి అంచుల దగ్గర తెల్లటి పొర కట్టింది. ఇంకాసేపటికి మొత్తం మబ్బుపట్టి మళ్లీ ముద్దయింది.

గ్రీజు ఎండకు కరగదు. ఇంత నీడకే పేరుకోదు.

గోటితో కొంచెం తీసి అరచేతిలో రాసింది. వెచ్చదనానికి కరిగిపోయింది. వాసన చూసింది. బ్రేకాయిల్ ఘాటు కింద ఇంకో వాసన ఉంది. పుట్టినప్పటి నుంచీ తెలిసిన వాసన. చలికాలంలో అమ్మ కాళ్లకు రాసిన వాసన.

ఇప్ప నూనె.

అరచేయి కొద్దిగా పచ్చబడింది. పసుపు.

చీమల బారు ఒకటి చిప్ప కోసం గోడ దిగుతోంది. కానీ అది చిప్ప దగ్గర మొదలు కాలేదు. హేమలత దాని వెంట కళ్లు పైకి నడిపించింది. గోడ మీదుగా, వాసం మీదుగా, ఎడ్ల గంటలను దాటి వెదురు గొట్టం దాకా. గంటల మీద వేలు పెడితే దుమ్ము అంటింది. పగ్గాల మీదా దుమ్మే. గొట్టం మీద దుమ్ము లేదు. దాని కొన నున్నగా, జిడ్డుగా మెరుస్తోంది.

ఎడ్లు అమ్మేసిన ఇంట్లో గొట్టానికి కొత్త నూనె ఎలా అంటింది?

సోమ్లి పెరట్లో గోంగూర ఆకు తుంచుతోంది. హేమలత పక్కన కూర్చుని తనూ ఒక కట్ట అందుకుంది. 

"అత్తా, ఈసారి శీత్ల పండుగనాడు నేను మీటింగుకు పోయిన గదా. ఎడ్లు లేకపాయె, పండుగ ఎట్ల చేసిండ్రు?"

"ఎట్లేంది? ఎప్పటి లెక్కనే." సోమ్లి ఆకు తుంచుతూ నవ్వింది. "మీ మామ ఊకుంటడా? వానలు పడంగనే ఎడ్లకు ఇప్ప నూనె పట్టకుంటే ఆయనకు బువ్వ దిగదు. ఎడ్లు లేవు, బండే ఎద్దన్నడు. నూనెల పసుపు కలిపి, గొట్టంతోని పట్టిండు. నోరేది అని నేను నవ్విన. 'కొడుకు పోస్తుంటే చూసిన, గా తెల్ల డబ్బానే దాని నోరు' అన్నడు. మూత తీసి, దండం పెట్టి, మెల్లగ పోసిండు. సగం ఖాళీగుందంట పాపం, ఎన్ని దినాల నుంచి ఆకలితో ఉందో అన్నడు."

హేమలత చేతిలో గోంగూర కాడ విరిగింది.

పండుగ మంగళవారం. చక్రాలు పట్టేస్తున్నాయని బాలకృష్ణ అన్నది దాని తర్వాత. రవికుమార్ను పిలిచింది అందుకే. అతను వచ్చేనాటికే డబ్బాలో నూనె ఉంది. రబ్బరు నానుతోంది. తను చూసింది నిజమే. చెప్పింది మాత్రం అబద్ధమైంది.

*

"గట్టిగ అనకు" అన్నాడు బాలకృష్ణ.

కొత్త వాషర్లు చేతిలో ఉన్నాయి. వాటిని ఎక్కించకుండా వేళ్ల మధ్య తిప్పుతున్నాడు.

"డబ్బా పెట్టిన రోజు బాపును నేనే పిలిచి చూపించిన. 'బండి ప్రాణం గీ డబ్బాలనే ఉంటది బాపు' అన్న." తెల్ల డబ్బా వైపు చూశాడు. "ప్రాణానికి బలం పోసిండు."

"రేపు అందరి ముంగట చెప్పు మరి."

"ఏమని? తీర్పు చెప్పే మనిషే..." మాట మింగేశాడు. "లతా, ఎన్ని పంచాయితీలు తెంపిండో ఎరుకేనా? తప్పని తేలినోడు ఎవ్వడైనా ఆయన మొహం చూసి తల వంచిండు. రేపు ఆయన తల వంచాల్నా? రవి వయసోడు. వానికి అశ్వారావుపేట ఉంది, పాల్వంచ ఉంది. బాపుకు ఈ తండా ఒక్కటే."

"వాని షెడ్డు?"

"నువ్వే గదా చూసిన అంటివి!"

దెబ్బ సరిగ్గా తగిలింది.  అన్నందుకు అతనే నొచ్చుకుని, తల తిప్పుకుని సిలిండర్ మీదికి వంగాడు.

ఆ పూట అన్నం పెడుతూ హేమలత మామను గమనించింది. ఆయన ముద్ద కలుపుతూ, "సోని నొసలు మానిందా బిడ్డా? కుట్లు లోతా?" అని అడిగాడు. నిన్నా అడిగాడు, మొన్నా అడిగాడు. తెలిసి అడుగుతున్నాడా? తెలియక అడుగుతున్నాడా? తెలిసీ ఇంకొకడి మెడకు తాడు పేనుతున్నాడా? అన్నేళ్లుగా అదే పళ్లెంలో అన్నం పెట్టిన మనిషి మీద అలాంటి ఆలోచన వచ్చినందుకు ఆమెకే భయమేసింది. కానీ వచ్చిన ఆలోచన పోలేదు.

*

ఆదివారం బడి ముందు రేకుల పందిట్లో జనం కూడారు. పెద్దమనుషులు నలుగురు దుప్పటి మీద కూర్చున్నారు. తండాకు పెద్ద అయిన నాయక్ భాస్కర్ పక్కన హేమ్లా. ఎదురుగా రవికుమార్ భుజం మీది తువ్వాల తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. గడ్డం పెరిగింది. సోని మొగుడూ అత్తా ముందు వరసలో ఉన్నారు. ఆడవాళ్లు ఒక పక్కన. హేమలత వాళ్ల మధ్య, కొంగు నొసటి దాకా లాక్కుని.

"నేను చేయలే" అన్నాడు రవికుమార్. "ఇంకేం చెప్పాలె? చేయని దానికి సాక్షి ఏడికెల్లి తేవాలె?"

"అప్పుడు బేరం తెచ్చినప్పుడు ఏడికెల్లి తెచ్చినవు రా?" అని ఎవరో అన్నారు. నవ్వులు.

"డబ్బాల దొరికింది ఏది?" అన్నాడు నాయక్.

బాలకృష్ణ లేచాడు. నడక నత్తలా ఉంది. కొబ్బరి చిప్ప ఇచ్చాడు. పెద్దమనుషులు ఒకరి తర్వాత ఒకరు చూశారు. "గ్రీజే" అన్నారు ఒకరు. "అవ్, గ్రీజే" అన్నారు ఇంకొకరు. వాన మబ్బు కమ్మి గాలి చల్లగా ఉంది. ముద్ద గట్టిగానే ఉంది.

చిప్ప హేమ్లా చేతికి వచ్చింది.

అందరి కళ్లూ రవికుమార్ మీదున్నాయి. హేమలత కళ్లు మామ వేళ్ల మీదున్నాయి. ఆయన చూపుడు వేలితో ముద్దను తాకాడు. బొటనవేలితో కలిపి రాశాడు. వేళ్లు ఆగాయి. మళ్లీ రాశాడు. చేతిని మెల్లగా ముక్కు దగ్గరికి తీసుకుపోయాడు.

చేయి అక్కడే ఉండిపోయింది.

తెలియదు. ఇప్పటి దాకా ఆయనకు తెలియదు. ఆ ఒక్క సంగతీ హేమలత గుండెల్లోంచి రాయిని దొర్లించింది. వెంటనే ఇంకో రాయిని పెట్టింది.

ఆయన చిప్పను దుప్పటి మీద దించాడు.   సోని అత్త ఒడిలో ఉన్న పసిపిల్ల వైపు చూశాడు. రవికుమార్ చేతిలో నలుగుతున్న తువ్వాల వైపు చూశాడు.

"కాకా, తీర్పు చెప్పు" అన్నాడు నాయక్. "కోడలే సాక్షి. ఇంకేం కావాలె?"

"తీర్పు చెప్ప కూసున్నోడు సాక్షి కాగూడదు" అన్నాడు హేమ్లా.  "సాక్షి నోటనే రావాలె. కోడలా."

హేమలత లేచి నిలబడింది. బాలకృష్ణ తల అడ్డంగా ఊపుతున్నాడు. వద్దు, వద్దు.

"నువ్వు చూసింది మళ్లీ చెప్పు బిడ్డా. మొన్న చెప్పింది కాదు. తర్వాత నీకు తెలిసింది."

పందిరి కింద గుసగుసలు ఆగిపోయాయి. ఆయనకు ఎలా తెలుసు, నాకు తెలిసిందని? ఆమె తల ఎత్తింది. పెళ్లయినప్పటి నుంచి మొదటిసారి మామ కళ్లలోకి నేరుగా చూసింది. ఆ కళ్లు ఆమె వేళ్ల వైపు చూస్తున్నాయి. కడిగినా పోని పసుపు గోటి చుట్టూ ఇంకా ఉంది.

"అది గ్రీజు కాదు" అంది. "ఇప్ప నూనె. పండుగనాడు పోసింది. రవి రాకముందే పోసింది. కీడు కోరి పోయలే. మేలు కోరే పోసిండ్రు. రవి చెయ్యి దానికి తగల్లే. నేను తొందరపడి అన్న. ఆ మాట నాదే, తప్పు గూడ నాదే."

రవికుమార్ చేతిలో తువ్వాల జారి నేల మీద పడింది. తీసుకోలేదు.

"పోసిండ్రంటే ఎవరు?" నాయక్ ముందుకు వంగాడు. "ఎవరు పోసిండ్రమ్మా?"

"మా ఇంట్లోళ్లు."

"ఇంట్లోళ్లంటే ఎవరు? నీ మొగుడా?"

"కాదు."

"మరెవరు?"

ఆమె నాలుక అంగిలికి అతుక్కుపోయింది. ఆడవాళ్లలో సోమ్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అప్పటికే ఆమెకు అర్థమైంది. రేకుల మీద చినుకులు మొదలయ్యాయి.

"పేరు లేని మాట ఇక్కడ చెల్లదు" అన్నాడు హేమ్లా. వెన్ను నిటారుగా ఉంది. తల మీది పాగా విప్పి తన ఒడిలో పెట్టుకున్నాడు. "ఎంత పెద్దోడైనా సరే. పేరు పెట్టి చెప్పు కోడలా. నేను చెప్పమంటున్న."

హేమలత కొంగును నొసటి మీద నుంచి వెనక్కి నెట్టింది. ఊపిరి తీసుకుంది.

"హేమ్లా" అంది.